మిల్ట్రీ పర్శరాములు ఎడమ చెంప

బాలయ్య చనిపోయిన మూడోనాడు తెల్లవారుజామున ఆయన తమ్ముడు పర్శరాములు ఎడమ చెంప నున్నగా గీసుకున్నాడు. కుడి చెంప అలాగే ఉంది.

జరిగింది ఇంతే. గాటు పడలేదు, రక్తం చుక్క రాలేదు. పని శుభ్రంగానే జరిగింది. కాకపోతే కొరివి పెట్టినవాడు పదోనాటి దాకా గడ్డం ముట్టకూడదు. ఆ రోజు పాలివాళ్లంతా, అంటే దాయాదులంతా, వరసగా కూర్చుని గుండ్లు చేయించుకోవాలి. ఈ సంగతి సిద్దిపేటలో చంటిపిల్లకు తప్ప అందరికీ తెలుసు. బాలయ్యకు పిల్లలు లేరు. కుండ పట్టుకుని ముందు నడిచింది, కొరివి పెట్టింది పర్శరాములే. అందరికంటే గట్టిగా ఆచారం పాటించాల్సిన మొహం అదొక్కటే. ఆ మొహంలో సగం ఇప్పుడు పెళ్లికి తయారై ఉంది.

మా వీధిలో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మిల్ట్రీ అంటారు. పటాలంలో హవల్దారుగా రిటైరై, తర్వాత కొన్నేళ్లు ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని నిలబడి, ఇప్పుడు తన ఇంటి ముందు తుపాకీ లేకుండా నిలబడుతున్నాడు. రాయపోల్ దగ్గర అన్నదమ్ములకు ఉమ్మడిగా కొంత పొలం, ఒక బోరు. సిద్దిపేటలో ఒకే గోడకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. బాలయ్య టీవీఎస్ మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టుకుని ఊరంతా పాలు పోసేవాడు. తమ్ముడు ఊరంతా నీతులు పోసేవాడు. బాలయ్య పాలలోనైనా అప్పుడప్పుడు నీళ్లు కలిసేవి గాని, తమ్ముడి నీతుల్లో ఏనాడూ చుక్క కలవలేదు.

ఆ నీతులన్నీ గడ్డం చుట్టూ తిరిగేవి. రోజూ పొద్దు పొడవకముందే గేటు పక్కన స్టూలు వేసుకునేవాడు. ఒక గిన్నెలో చన్నీళ్లు, అరిగి అరిగి డబ్బాకు అతుక్కుపోయిన సబ్బు బిళ్ల, బ్రష్షు, రేజరు. అద్దం ఉండేది కాదు. అద్దం లేకపోవడమే అసలు తమాషా. దారిన పోయేవాడెవడైనా ఆగి, "అద్దం లేకుండనే గీక్కుంటవా మిల్ట్రీ?" అన్నాడా, వాడి పని అయిపోయినట్టే. లడఖ్ దిక్కున కొండకొమ్మున ఉండే పోస్టు కథ మొత్తం వినాలి.

"ఆడ నీళ్లెక్కడియి? డబ్బనిండ మంచు కుక్కి కిరసనాయిలు పొయ్యి మీద పెడితే గ్లాసెడు నీళ్లైతయ్. గా గ్లాసు చాయ్‌కు పెడ్తవా, మొఖానికి పెడ్తవా? నేనైతే మొఖానికే. బ్రష్షు బయట పెడితే పొద్దుగాల్లకు ఇనుప మేకైతది. చంకల వెట్టుకొని పండుకునేటోణ్ణి. ఇగ నురగ. మొఖమంత ఒక్కసారే రాసినవనుకో, ఎడమ దిక్కు గీసుకొని కుడి దిక్కు వచ్చేటాళ్లకు గాడ గడ్డ కడ్తది. గందుకే సగం సగం. ఒక దిక్కు రాసుడు, గీసుడు, తుడుసుడు. అటెన్క రెండో దిక్కు. అద్దం తీస్తే దాని మీద మంచు. ఇగ అద్దమెందుకు? మనసు యాడున్నా చెయ్యి దాని పని అది జేస్కపోవాలె."

సిద్దిపేటలో మే నెల ఎండకు మోపెడ్ సీటు మీద అప్పడం కాల్చుకోవచ్చు. నురగ గడ్డ కట్టే ప్రమాదం ఇక్కడ బొత్తిగా లేదు. అయినా అతను ఎడమ చెంప పూర్తిగా ముగించి, తుడుచుకుని, ఆ తర్వాతే కుడి చెంపకు సబ్బు రాసుకునేవాడు. గడ్డం పెంచుకున్న కుర్రాళ్లు కనబడితే ఆపి, "ఏంది బిడ్డా, మొఖం మీద మేకను సాదుతున్నవా?" అని అడిగేవాడు. వీధి చివర ప్రభాకర్ సెలూన్ ఉంది. అందులో వేడినీళ్ల మిషన్, తిరిగే కుర్చీ ఉన్నాయి. పర్శరాములు అందులో ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. వేడినీళ్లతో గీయించుకున్న గడ్డం గడ్డమే కాదని, ప్రభాకర్‌కు వినబడేంత దగ్గర నిలబడి చెప్పేవాడు.

ఆ కథకు సాక్ష్యంగా అతని ఇంట్లో ఒక ఫొటో వేలాడుతూ ఉంటుంది. మంచులో వరసగా నిలబడ్డ జవాన్లు. అందరికీ గుబురు గడ్డాలు, గడ్డాల నిండా మంచు. మధ్యలో మన పర్శరాములు ఒక్కడే నున్నగా, ముక్కు మీద తోలు ఊడి, కడిగిన ఆలుగడ్డలా మెరుస్తుంటాడు. ఆ ఫొటో చూసినప్పుడల్లా బాలయ్య ఒకే ప్రశ్న వేసేవాడు.

"మరి గీళ్లంత ఎవలురా? కొమురెల్లి మల్లన్న మొక్కున్నోళ్లా?"

"ఆళ్లకు డాక్టర్ చెప్పిండు, తోలు పగుల్తది గీక్కోవద్దని."

"నీకు చెప్పలేదా?"

"చెప్పిండు."

"మరి?"

పర్శరాములు రేజరు కడుక్కునే నెపంతో బయటికి పోయేవాడు. ఆ 'మరి'కి బాలయ్య బతికున్నంత కాలం జవాబు దొరకలేదు.

పోయినేడు బాలయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మంచం పట్టాడు. తమ్ముడు సేవకు దిగాడు గాని, అతని సేవ చూసి దవాఖాన నర్సు రెండుసార్లు దండం పెట్టింది. పొద్దటి గోళీ రాత్రి వేసేవాడు. పక్కకు తిప్పమంటే మూట తిప్పినట్టు తిప్పేవాడు. చివరికి బాలయ్య భార్య ఐలవ్వ, "మరిదీ, నువ్వు గివన్ని ఇడిశిపెట్టు, ఒక్కటి చెయ్. ఆయనకు గడ్డం గియ్యి," అన్నది. అంతే. పాలు పోసినన్నాళ్లు వారానికొకసారి మాత్రమే మొహం చూసుకున్న మనిషికి మంచాన పడ్డాక రోజూ గడ్డం గీయడం మొదలైంది. తమ్ముడు వచ్చి కూర్చునేవాడు. ముందు అన్నకు, తర్వాత అదే గిన్నెలో తనకు. అదే చన్నీళ్లు, అదే సగం సగం.

"నీళ్లు చల్లగున్నయిరా," అనేవాడు బాలయ్య. మాట ముద్దగా వచ్చేది గాని, ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చేది.

"మంచులనే గీక్కున్న. నీకేందే గీడ?"

"మంచుల ఉన్నది నువ్వు. మంచంల ఉన్నది నేను."

"నేను కాగవెట్టుకొస్త," అని ఐలవ్వ లేచేది.

"వద్దు వదినే. అలవాటైతది," అనేవాడు పర్శరాములు.

అట్లా ఏడాది పాటు వణికి వణికి, నిండు చలికాలంలో బాలయ్య నున్నటి మొహంతో వెళ్లిపోయాడు. పీనుగను చూడ్డానికి వచ్చినవాళ్లు, "పండుకున్నట్టే ఉన్నడు," అన్నారు. అది తన పనితనమే అన్నట్టు పర్శరాములు తల ఊపాడు.

ఇక మూడోనాటి సంగతి. పొద్దున్నే చాయ్ తీసుకుని అన్నగారింటికి వచ్చిన అతని భార్య మహేశ్వరి, లోపలి గదిలో, గోడకు నిలబెట్టిన మంచం పక్కన నేల మీద కూర్చున్న మొగుణ్ణి చూసింది. చేతిలో రేజరు. ఎడమ చెంప తుడుచుకోవడం అయిపోయింది. బ్రష్షు కుడి చెంప దగ్గరికి పోతున్నది.

మహేశ్వరి చాయ్ గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టింది. "ఏం జేస్తున్నవయ్యా?"

"గీక్కుంటున్న..." అని, ఆ మాట తన చెవులతో తానే విని, పర్శరాములు ఆగిపోయాడు.

"ఇయ్యాల మూడోనాడు."

"ఎరుకే."

"ఎరుకైతే గా సబ్బేంది?"

చెయ్యి దాని పని అది చేసుకుపోతుందని ఇన్నేళ్లు ఊరికి చెప్పాడు. చెప్పినట్టే పోయింది. అందరిలా మొహమంతా ఒకేసారి సబ్బు రాసుకునే అలవాటుంటే, ఆ చల్లదనానికి ముందే తెలివి వచ్చేదేమో. సగం సగం పద్ధతి పుణ్యమా అని తప్పు కూడా సగం దగ్గర ఆగింది.

దాచడానికి వీల్లేకపోయింది. ఎందుకంటే రాజమల్లయ్య అప్పటికే వాకిట్లో ఉన్నాడు. ఈయన పర్శరాములుకు పెదనాయిన కొడుకు, కుకునూరుపల్లిలో ఉంటాడు. పాలివాళ్లలో ఎవరు పోయినా ఆచారం తప్పకుండా చూసే బాధ్యత ఈయనది. ఎవరిచ్చారని అడిగితే ఎవరికీ తెలియదు. బాలయ్య మంచాన ఉన్న ఏడాదీ ఈ ఆచారం దారి తెలియక కుకునూరుపల్లిలోనే ఉండిపోయింది. ప్రాణం పోగానే ఫస్టు బస్సుకు వచ్చింది. రాజమల్లయ్య మామూలు రోజుల్లో కూడా పండక్కీ పెళ్లికీ తప్ప గడ్డం గీయించుకోడు. కాబట్టి ఎవరింట్లో చావైనా ఆయన దుఃఖం ముందే తయారుగా ఉంటుంది.

ఆయన పర్శరాములు ఎడమ చెంప చూశాడు. కుడి చెంప చూశాడు. మళ్లీ ఎడమ చెంపకు వచ్చాడు.

"చెడిపోయింది," అన్నాడు. "మూడోనాడు కత్తి ముట్టినోని చేతి ముద్ద ఏ కాకిపిట్ట ముడ్తది? ఇగ కర్మ నా చేతుల మీద కానియ్యున్రి."

"ముట్టింది బ్లేడు, కత్తి గాదు," అన్నాడు పర్శరాములు, నేల చూస్తూ.

"మీ నాయిన పోయినప్పుడు గూడ నువ్వు నున్నగనే ఉన్నవట గదా. అప్పుడు ఎరుక లేదన్నవ్. ఇప్పుడేమంటవ్?"

అది నిజమే. పర్శరాములు ఆ పోస్టులో ఉన్నప్పుడే వాళ్ల నాయిన చనిపోయాడు. కొండ మీదికి కబురు చేరేసరికి ఇక్కడ దినాలు కూడా అయిపోయాయి. ఆ రోజులన్నీ అతను అక్కడ మంచు కరిగించుకుని, చాయ్ మానుకుని మరీ రోజూ గడ్డం గీసుకున్నాడు. ఇక్కడ బాలయ్య ఒక్కడే కుండ పట్టాడు, ఒక్కడే గుండు చేయించుకున్నాడు. పోస్టు కథ ఎన్నిసార్లు చెప్పినా పర్శరాములు ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. అన్న పోయిననాడు మాత్రం మహేశ్వరితో అన్నాడట, "నాయినకు ఏం జెయ్యలేదు. గీ ఒక్కటన్న నా చేతుల మీద పోవాలె," అని. ఇప్పుడు ఆ ఒక్కటి కూడా చెయ్యి జారిపోతున్నది. అదీ తన చేతితోనే.

అయ్యగారికి ఫోన్ చేశారు. ఆయన ఎక్కడో పెళ్లి చేయిస్తున్నట్టుంది, వెనక సన్నాయి వినబడుతున్నది. విషయమంతా విని, "మొత్తం గీసుకుంటే ప్రాయశ్చిత్తం ఉంది. గీసుకోకుంటే అక్కరలేదు. సగమంటే చూసి చెప్పాలి," అని పెట్టేశాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.

ఈలోగా ప్రభాకర్ వచ్చాడు, పదోనాటి ఏర్పాట్లు మాట్లాడటానికి. చేతులు వెనక్కి కట్టుకుని, వేరే మేస్త్రి కట్టిన గోడను చూసినట్టు పర్శరాములు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పని మంచిగనే జేసినవ్ మిల్ట్రీ సార్. చన్నీళ్లా?"

పర్శరాములు తువ్వాలను ఎడమ చెంప మీదికి లాక్కున్నాడు.

"రెండో దిక్కు గూడ దించమంటవా? సమానమైతది. లేకుంటే పదోనాటికి ఒక దిక్కు నారుమడి, ఒక దిక్కు వరికోత లెక్క ఉంటది."

"నువ్వు నోరు ముయ్యి," అన్నాడు రాజమల్లయ్య. "గిదేమన్న సెలూనా?"

"సెలూనైతే సార్ ఎందుకొస్తడు?" అన్నాడు ప్రభాకర్, నోరు మూసుకునే ముందు.

ఐలవ్వ అప్పటి దాకా బాలయ్య పేర వెలిగించిన దీపం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చావింట్లో ఆడవాళ్ల మాట ఏడుపులో తప్ప వినబడకూడదని రాజమల్లయ్య ఆచారం. ఆమె ఏడవకుండా మాట్లాడింది.

"నేను లేసే ఉన్న. గిన్నె చప్పుడైంది. సబ్బు వాసనొచ్చింది. రోజొచ్చే వాసనే గదా, ఆయనకు గీస్తున్నడనుకున్న. ఇగ జరసేపట్ల చల్లగున్నయిరా అని మొత్తుకుంటడని చూసిన. మొత్తుకోలె. అప్పుడు యాదికొచ్చింది నాకు." దీపం వత్తి ఎగదోసింది. "పక్కల పండుకున్నదాన్ని నాకే యాది లేదు. మరిదికి ఎట్లుంటది? కర్మ పర్శరామే చేస్తడు."

"పిట్ట ముట్టకపోతే?" అన్నాడు రాజమల్లయ్య.

"ముట్టకపోతే నువ్వే కూసో బావా. నేను వద్దంటనా?" పర్శరాములు వైపు తిరిగింది. "నువ్వు మిగిలిన సగం ముట్టకు."

మూడోనాటి ముద్ద కాకులకు పెట్టడానికి మధ్యాహ్నానికి శ్మశానం, అదే వైకుంఠధామం, చేరారు. బాలయ్యకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టారు. అన్నం, చేపల కూర, సర్వపిండి, పక్కన కల్లు సీసా, బీడీ. పర్శరాములు ఎడమ చెంప మీదుగా తువ్వాల కప్పుకుని, ఆకు పెట్టి, దండం పెట్టి వెనక్కి వచ్చాడు. అందరూ దూరం జరిగి కూర్చున్నారు.

కాకులకు లోటు లేదు. ప్రహరీ గోడ మీద వరసగా ఉన్నాయి. ఒకటి కిందికి దిగింది. ఆకు దగ్గరికి రెండు గెంతులు వేసింది. తల ఒకసారి ఎడమకు తిప్పి చూసింది, ఒకసారి కుడికి తిప్పి చూసింది. మళ్లీ గోడెక్కింది.

"చూసిన్రా?" అన్నాడు రాజమల్లయ్య మెల్లగా. ఆ మెల్లగా అన్నది అందరికీ వినబడింది.

పిట్ట ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. అదేదో కనుక్కుని మాట ఇవ్వాలి. కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అందుకున్నారు.

"ఐలవ్వను మంచిగ చూసుకుంటం బాలన్నా."

"బర్లను అమ్మం."

"నీ టీవీఎస్‌ను గూడ అమ్మం."

కాకి ముక్కు గోడకు రాసుకున్నది. రాజమల్లయ్య లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, రంది పడకు. నీ కర్మ నేను జేస్త," అన్నాడు. దాంతో కాకి గోడ వదిలేసి రోడ్డవతలి కరెంటు స్తంభం మీదికి పోయింది. నవ్వు ఆపుకోవడానికి ప్రభాకర్ తల వంచుకుని చెప్పులు సవరించుకున్నాడు.

ఎండ జరిగింది. అన్నం మీద ఈగలు వాలుతున్నాయి. పర్శరాములు లేచాడు. ఆకు దగ్గరికి నడిచాడు. కవాతులో నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు, ఎందుకంటే అతనికి వేరే నిలబడటం రాదు. మొహం మీది తువ్వాల తీసేశాడు. సగం మొహం తెల్లగా, సగం మొహం మాసి, స్తంభం వైపు చూశాడు.

"అన్నా," అన్నాడు. "రేపటి సంది వేడినీళ్లు."

అంతే అన్నాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

కాకి వచ్చింది. సూటిగా ఆకు మీదే దిగింది. సర్వపిండి తునక ఒకటి నోట కరుచుకుని, అక్కడే నిలబడి రెండోది కూడా తీసుకుంది. ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాకికి మాట అర్థమైందో, జనం అరుపులు ఆగేసరికి ధైర్యమొచ్చిందో మనకు తెలియదు. రాజమల్లయ్యకు మాత్రం తెలుసు. "ఆకలైనట్టుంది," అన్నాడు.

మర్నాటి నుంచి ఐలవ్వ పొద్దున్నే నీళ్లు కాగబెట్టి, ఆ గిన్నెలోనే పోసి, దీపం పక్కన పెట్టేది. పర్శరాములు వచ్చి, గడ్డం గీసేంత సేపు ఎదురుగా కూర్చుని, నీళ్లు చల్లారాక తీసుకుపోయి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

పలకరింపులకు వచ్చే జనం మాత్రం బాగానే మాట్లాడుకున్నారు. వాకిట్లో అతని కుర్చీకి అటో బెంచీ, ఇటో బెంచీ. కుడి బెంచీ మీద కూర్చున్నవాళ్లు రాయపోల్ వెళ్లి, "పాపం, మనిషి కుంగిపోయిండు, మొఖం జూడలేకపోయినం," అన్నారు. ఎడమ బెంచీ వాళ్లు అక్కన్నపేట వెళ్లి, "సొంత అన్న సచ్చిపోతే నున్నగ గీక్కొని కూసున్నడు, సిగ్గు లేదు," అన్నారు. ఈ రెండు ఊళ్ల చుట్టాలు ఒక పెళ్లిలో కలిసి, అసలు ఎవరు ఏ ఇంటికి పలకరింపుకు పోయారని గొడవపడ్డారని కూడా విన్నాం. ఊళ్లో మేకలు సాదుతున్న కుర్రాళ్లంతా ఆ వారం పనిగట్టుకుని వచ్చి, ఎదురుగా నిలబడి, గడ్డాలు నిమురుకుంటూ పరామర్శించి వెళ్లారు. పర్శరాములు అందరికీ చేతులు జోడించాడు. శత్రువు ముందు కూడా అంత సేపు కదలకుండా కూర్చుని ఉండడు.

పదోనాడు రాయపోల్ పొలంలో, బోరు దగ్గర కర్మ. పాలివాళ్లంతా వరసగా కూర్చున్నారు. రాత్రి నింపి పెట్టిన డ్రమ్ములో నీళ్లు పొద్దుటికి పళ్లు కొరికే చలితో ఉన్నాయి. మొదట కర్మ చేసేవాడికి తీయాలి. ప్రభాకర్ పర్శరాములు ముందు గొంతుక్కూర్చుని, కుడి చెంప మీద నీళ్లు చల్లి, కత్తి ఎత్తి, ఆగిపోయాడు. తల ఇటు వంచి చూశాడు. అటు వంచి చూశాడు.

పది రోజులు కష్టపడి పెంచిన గడ్డం అది. వానలు పడని చెలకలో గడ్డి మొలిచినట్టు చెవి కింద కాస్త, చుబుకం మీద కాస్త, మధ్యలో రూపాయి బిళ్లంత ఒక చోట. మిగతా అంతా బీడు. గీసి ఏడు రోజులైనా ఎడమ చెంప మీద నూగు తప్ప ఏమీ మొలవలేదు.

ప్రభాకర్ మొహంలో ఏదో వెలిగింది. చాలా ఏళ్లుగా తన సెలూన్‌ను తిట్టిన మనిషి ఇప్పుడు తన కత్తి కింద ఉన్నాడు.

"సార్," అన్నాడు, ఎంతో మర్యాదగా. "మీకు అసలు గడ్డమే రాదు గదా. గందుకేనా గా మంచుల రోజు గీక్కున్నది? అందరియి గుబురుగ పెరుగుతుంటే మనది గిట్ల కనవడ్తదనా?"

పాలివాళ్ల వరస మొత్తం ముందుకు వంగి చూసింది.

పర్శరాములు చెవులు ఎర్రబడ్డాయి. లడఖ్ చలిలో తోలు ఊడినా, కిరసనాయిలు వాసన నీళ్లు కళ్లల్లో పడినా, డాక్టర్ తిట్టినా బయటపడని రహస్యం రాయపోల్ బోరు దగ్గర పది రోజుల్లో మొలకెత్తింది.

"నీ పని నువ్వు చెయ్యి," అన్నాడు.

"మీ అన్న సచ్చేదాక అడిగిండు," అన్నది ఐలవ్వ, కొంచెం దూరంలో ఆడవాళ్ల మధ్య నుంచి. ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు వణుకుతున్నది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అది ఏడుపు కాదు, నవ్వు. "ఒక్కపారి చెప్తే ఏమైతుండె మరిదీ? ఎంత నవ్వుకుంటుండెనో."

పర్శరాములు కళ్లు మూసుకున్నాడు. ప్రభాకర్ కత్తి నడిచింది. కుడి చెంప, తల, మీసం, ఆ వరసలో అన్నీ పోయాయి. చన్నీళ్లు గుండు మీద పోసినప్పుడు అతను కిమ్మనలేదు. ఎడమా కుడీ ఇప్పుడు సమానమయ్యాయి. ఒక్కసారి మొహమంతా తడుముకుని, లేచి పక్కన నిలబడ్డాడు.

తర్వాత రాజమల్లయ్య వంతు. పైపంచె తీసి కూర్చున్నాడు. ప్రభాకర్ చెంబు ముంచి నెత్తిన పోశాడు. రాజమల్లయ్య కూర్చున్న చోటి నుంచి జానెడు లేచి మళ్లీ కూలబడ్డాడు.

"అవ్వో... గివేం నీళ్లురా ప్రభాకర్, పానం పోతది. ఏం పర్శరాములూ, ఇంట్ల దీపం కాడ రోజు వేడినీళ్లు వెడ్తున్రు గదా. పాలోళ్లం గింతమందిమి వస్తిమి, గీడ గూడ ఒక కాగు పెట్టిపియ్య చేతగాలేదా?"

ఇక లడఖ్ కథ మొదలవుతుందని అందరికీ తెలుసు. డబ్బాలో మంచు, చంకలో బ్రష్షు. ఒకరిద్దరు సర్దుకుని కూర్చున్నారు. పర్శరాములు తువ్వాలతో గుండు తుడుచుకుని, తువ్వాల పిండి, దులిపి, భుజాన వేసుకున్నాడు.

"వేడినీళ్ల మాట మా అన్నకిచ్చిన రాజమల్లన్నా, నీకు గాదు."